కార్యదర్శి ఉద్యోగం చేస్తూ గ్రూప్-2 ప్రిపరేషన్: టైమ్‌టేబుల్ వారం కూడా నిలవట్లేదు, ఏం మార్చాలి?

ఊరి_దస్త్రం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిగా చేస్తున్నా. వచ్చే గ్రూప్-2 నోటిఫికేషన్ లక్ష్యం. ఉదయం 7 కల్లా ఊళ్లో ఉండాలి. ట్రాక్టర్, మోరీలు, హాజరు యాప్‌లో ఫొటో, ఇదీ పొద్దుటి పని. మధ్యాహ్నం మండలాఫీసు నుంచి ఫోనొస్తే అటు పరుగు. సాయంత్రం ఒకరోజు 5:30కి ఇల్లు చేరితే ఇంకోరోజు 8:30. ఆదివారం మాత్రం చాలావరకు ఖాళీగానే దొరుకుతుంది.

టైమ్‌టేబుల్ ఇలా వేసుకుంటున్నా: పొద్దున 4 నుంచి 6, రాత్రి 8 నుంచి 11. సోమ, మంగళ నడుస్తుంది. బుధవారం ఏదో మీటింగ్ పడి రాత్రి చదువు పోతుంది. గురువారం తెల్లారి లేవలేను. శుక్రవారానికి టైమ్‌టేబుల్ గోడ మీద, నేను మంచం మీద. మళ్లీ సోమవారం కొత్తది.

ఇలాంటి ఉద్యోగంలో రోజూ ఒకేలా చదవడం అసలు కుదిరే పనేనా? కుదిరితే ఎన్ని గంటలు, ఏ వేళకి, ఏం చదవాలి? మోటివేషన్ వీడియోలు వద్దు, లెక్క చెప్పండి.

నాలుగో_పేపరు:

తమ్ముడూ, లెక్కే చెబుతా. మీ పట్టికలో రోజుకి 5 గంటలు, అందులో 3 గంటలు రాత్రివి. మీ ఉద్యోగంలో రాత్రి 8 అనేది మీ చేతిలో లేని వేళ. పైగా 11 దాకా చదివి 4కి లేస్తే నిద్ర 5 గంటలు కూడా దక్కదు. ఆరు రోజులూ ఏ మీటింగూ పడకుండా, నిద్ర తక్కువైనా ఒళ్లు సహకరిస్తే తప్ప ఈ పట్టిక నడవదు. బుధవారం ఆగిపోయిందంటే ఆశ్చర్యమేముంది, మంగళవారం దాకా నడిచింది చూడండి, అదీ ఆశ్చర్యం.

కాబట్టి చెడ్డ రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి. ఎంత చెడ్డ రోజైనా మీకు దక్కేది పొద్దున 4:45 నుంచి 6:00. మండలం గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యేలోపు అది అయిపోతుంది. ఆ 75 నిమిషాలు కదలకూడదు. సాయంత్రం ఒక 45 నిమిషాలు పెట్టుకోండి, కానీ వారంలో మూడు రోజులే దక్కుతాయని కాగితం మీద రాసుకోండి. ఆదివారం 4 గంటలు.

పొద్దుటివి 450 నిమిషాలు, సాయంత్రాలవి 135, ఆదివారం 240. మొత్తం 825, అంటే వారానికి 13 గంటల 45 నిమిషాలు. ఆరు నెలలంటే 26 వారాలు. పన్ను వసూళ్లకో ఎన్నికల డ్యూటీకో నాలుగు వారాలు పోయినా 22 వారాలకి 300 గంటలు చేతికొస్తాయి.

ఇప్పుడు అసలు లెక్క. పొద్దుటి 75 నిమిషాల్లో కొత్త చదువుకి దక్కేది 45. గుర్తులు పెట్టుకుంటూ చదివితే తెలుగు మీడియం పుస్తకం 8 పేజీలు కదులుతుంది. ఆరు రోజులకి 48, ఆదివారం రెండు గంటల్లో ఇంకో 20. వారానికి 68 పేజీలు, 22 వారాలకి దాదాపు 1,500. నాలుగు పేపర్లకి పంచితే ఒక్కోదానికి 375. మీ అల్మరాలో ఉన్న పుస్తకాల పేజీలు కూడి చూడండి. 1,500 దాటితే గంటలు పెంచొద్దు, పుస్తకాలు తీసేయండి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల టైమ్‌టేబుల్ కూలిపోవడానికి పెద్ద కారణం ఇదే: ఒక్కో అంశానికి మూడు పుస్తకాలు, రెండు కోచింగ్ నోట్సులు, ఒక టెలిగ్రామ్ పీడీఎఫ్. ఎంత చదివినా ఒడ్డు కనపడదు, కనపడనప్పుడు మనిషి మానేస్తాడు.

75 నిమిషాల్ని ఇలా కోయండి:

మొదటి 10 నిమిషాలు నిన్న మీరే రాసుకున్న 10 ప్రశ్నలకి పుస్తకం చూడకుండా జవాబులు. తర్వాత 45 నిమిషాలు కొత్త 8 పేజీలు. తర్వాత 15 నిమిషాలు పుస్తకం మూసి, చదివిన దాంట్లోంచి 10 ప్రశ్నలు రాయడం. చివరి 5 నిమిషాలు రేపటి ఏర్పాటు.

ఆ చివరి 5 నిమిషాల్ని ఎగ్గొట్టొద్దు. రేపు చదవాల్సిన పేజీ దగ్గర పెన్సిల్ పెట్టి పుస్తకం మూయాలి. ఈరోజు రాసిన ప్రశ్నల కాగితం దాని మీద, పెన్ను దాని మీద. టేబుల్ మీద ఇంకేమీ ఉండకూడదు. పొద్దున లేచి "ఈరోజు ఏం చదవాలి" అని ఆలోచించడం మొదలుపెడితే 20 నిమిషాలు ఆ ఆలోచనకే పోతాయి, చేతిలోకి ఫోన్ వస్తుంది, ఇక అంతే. చదవడంతో కాకుండా జవాబులు రాయడంతో మొదలుపెట్టమనేది కూడా అందుకే. నిద్రమత్తులో పేరా చదివితే కళ్లు జారిపోతాయి. ప్రశ్న ఎదురుగా ఉంటే మెదడు లేవక తప్పదు.

4:45 అని అలారానికి అతుక్కోకుండా ఒక పనికి కట్టండి. "మొహం కడుక్కుని టీ గ్లాసు చేతిలోకి తీసుకోగానే కుర్చీలో కూర్చుని మొదటి ప్రశ్న చూస్తాను." జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో దీని మీద పనిచేశాడు. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు, ఊరికే "చేస్తాను" అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా చేసి చూపిస్తారని తేలింది. సాయంత్రానికి ఇది మరీ అవసరం, ఎందుకంటే మీరు ఇల్లు చేరే వేళకి ఒక గుర్తంటూ లేదు. బండి స్టాండు వేసి, కాళ్లు కడుక్కుని, తినకముందే కూర్చోవాలి. మంచం మీద నడుం వాల్చాక లేచి చదివేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి, రోజుల్ని మూడు సైజుల్లో పెట్టుకోండి. నిండు రోజు అంటే పొద్దున 75, సాయంత్రం 45. సగం రోజు అంటే పొద్దుటిది మాత్రమే. కనీసం రోజు అంటే పాత ప్రశ్నలు 20, పది పదిహేను నిమిషాలు, ఎక్కడైనా సరే, మండలాఫీసు వరండాలో అయినా సరే. రాత్రి 8:30 దాటి ఇల్లు చేరితే సాయంత్రం చదువు రద్దు, పడుకోవడమే పని. రేపటి పొద్దుటిని కాపాడుకోవడం కోసం ఈరాత్రి వదిలేస్తున్నారు. ఇది ముందే రాసుకున్న నియమం అయితే తప్పు చేసినట్టు అనిపించదు.

రెండో_షిఫ్టు:

పైన చెప్పిన లెక్కంతా ఒప్పుకుంటా, ఒక్క 4:45 దగ్గరే పేచీ. ఇప్పుడు 11కి పడుకునే మనిషి రేపటి నుంచి 4:30కి లేస్తే వారం మధ్యలో కూలడం ఖాయం. అందరూ అలారాన్ని ముందుకి జరుపుతారు, పడక వేళని జరపరు. ముందు జరగాల్సింది పడక.

నాలుగు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకి. 11 నుంచి 10కి రావడానికి 16 రోజులు పడుతుంది, పడనివ్వండి. లేచే వేళ కూడా అదే అంచెల్లో. రాత్రి అన్నం 8 లోపు, ఫోన్ 9:30కి హాల్లో ఛార్జింగ్‌కి. మీది ఫోన్ ఆపుకోగల ఉద్యోగం కాదు కాబట్టి ఆపొద్దు. డేటా ఆపి, రింగు పెద్దగా పెట్టండి. అర్జెంటైతే కాల్ వస్తుంది, ఫార్వర్డు మెసేజ్‌లు రావు. ఆదివారం కూడా లేచే వేళ గంటకి మించి జరగకూడదు. ఆదివారం 8కి లేచినవాళ్లకి రాత్రి 12 దాకా నిద్ర పట్టదు, సోమవారం 4:30కి మెలకువ రాదు, వారం మొత్తం అక్కడే చెడుతుంది.

కొందరికి పొద్దున మెదడు పనిచేయదు, అదీ నిజమే. వాళ్లు మధ్యాహ్నం చూసుకోవాలి. కానీ పంచాయతీ ఆఫీసులో తలుపు తీసి ఉన్నంతసేపు మనుషులు వస్తూనే ఉంటారు, అక్కడ కొత్త పాఠం ఎక్కదు. భోజనం తర్వాత 20 నిమిషాలు దొరికితే పాత ప్రశ్నలు తిరగెయ్యండి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

అట్టపెట్టె:

నాలుగో_పేపరు గారు ప్రశ్నలు రాయమన్నారు. రాసినవి ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీయాలి అనేది తేల్చకపోతే నెలకి 250 ప్రశ్నలు నోటుబుక్కులో పడి ఉంటాయి, ఎవరూ తిరిగి చూడరు.

కాగితాలు కాకుండా కార్డులు వాడండి. పోస్టుకార్డులో సగం సైజు. ఏ4 మందం కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే సరిపోతుంది. ముందువైపు ఒక్కటే ప్రశ్న, వెనక జవాబు మూడు లైన్లకి మించకూడదు. ఉదాహరణకి గ్రూప్-2 నాలుగో పేపరు (తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు) నుంచి ఒక కార్డు:

ముందు: 610 జీవో ఎప్పుడు? దేని ఉల్లంఘనని సరిచేయడానికి? గడువెప్పటికి?
వెనక: 1985 డిసెంబరు 30. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకి విరుద్ధంగా తెలంగాణలోని 5, 6 జోన్లలో వేసిన స్థానికేతరుల్ని వెనక్కి పంపడానికి. 1986 మార్చి 31.

"610 జీవో గురించి రాయండి" అని కార్డు రాస్తే అది పనికిరాదు. జవాబు సరైందో కాదో మీరే ఒక్క క్షణంలో తేల్చగలిగేలా ప్రశ్న ఉండాలి. అలాగని ఒక్క తేదీ ఒక్కటే అడిగినా చాలదు. గ్రూప్-2లో వరుస పెట్టమంటారు, జతపరచమంటారు. అందుకని నాలుగైదు కార్డులకి ఒకటి వరుస కార్డు ఉండాలి: పెద్దమనుషుల ఒప్పందం (1956), 36 జీవో (1969), ఆరు సూత్రాల పథకం (1973), రాష్ట్రపతి ఉత్తర్వులు (1975), 610 జీవో (1985), గిర్‌గ్లానీ కమిషన్ (2001). ముందువైపు పేర్లు కలగాపులగంగా, వెనక వరుసగా.

మిఠాయి అట్టపెట్టెలో అట్టముక్కలతో ఐదు అరలు చేయండి. కొత్త కార్డు మొదటి అరలోకి, మర్నాడు తీయాలి. జవాబు వస్తే రెండో అర, 3 రోజులకి. తర్వాత మూడో అర 7 రోజులకి, నాలుగోది 21 రోజులకి, ఐదోది 45 రోజులకి. ఎక్కడ తప్పినా తిన్నగా మొదటి అరకే. కార్డు మూలన మళ్లీ తీయాల్సిన తేదీ పెన్సిల్‌తో వేసుకుంటే వెతుక్కోనక్కర్లేదు. అరల పెట్టె పద్ధతిని 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి యాప్‌లున్నాయి, కానీ మీకు ఫోన్ తెరిస్తే మండలం గ్రూపు కనపడుతుంది కదా, అందుకని కాగితమే నయం.

జాగ్రత్త పడాల్సింది కార్డుల సంఖ్య దగ్గర. రోజుకి 10 కొత్త కార్డులు వేస్తే, రెండున్నర నెలల తర్వాత రోజూ తిరగేయాల్సినవి ఐదు అరల నుంచీ కలిపి 50. తప్పినవి మళ్లీ రావడంతో 70 అవుతాయి. కార్డుకి 20 సెకన్లు చొప్పున 23 నిమిషాలు. పొద్దుటి 10 నిమిషాల్లో 30 పోతాయి, మిగతావి సాయంత్రం. సాయంత్రం లేని రోజు మధ్యాహ్నం భోజనం తర్వాత. ఉత్సాహం కొద్దీ రోజుకి 30 వేస్తే ఏమవుతుంది? రెండున్నర నెలలకి రోజూ 200 పైన, గంటకి మించి పడుతుంది. కొత్త పాఠానికి చోటుండదు. ఈ పద్ధతి వదిలేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు, మొదటి మూడు వారాలు తేలిగ్గా ఉందని ఎక్కువ వేసి. 10 దాటొద్దు.

పాప_నిద్రపోయాక:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ దాదాపు ఇలాంటి ఉద్యోగమే, రెండేళ్ల పాప ఉంది. పొద్దున 75 నిమిషాలు కదలకుండా కూర్చోవడం మా ఇంట్లో జరగని పని. పాప ఎప్పుడు లేస్తుందో తెలియదు, టిఫిను, క్యారేజీ నేనే. ఇలాంటివాళ్లకి ఏమైనా మార్గం ఉందా?

నాలుగో_పేపరు:

ఉందక్కా. 75ని ఒకే ముక్కగా తీసుకోకండి, 25 చొప్పున మూడు ముక్కలు చేయండి. ఏ ముక్కకాముక్క పూర్తవ్వాలి: ఒకటి 4 పేజీలు చదవడం, ఒకటి వాటి మీద 5 ప్రశ్నలు రాయడం, ఒకటి పాత కార్డులు. మధ్యలో పాప లేస్తే ఆ ముక్క పోతుంది, రోజు పోదు. చదవడానికి మాత్రం పాప గాఢంగా నిద్రపోయే వేళని ఎంచుకోండి. కార్డులు పోపు వేగేలోపు కూడా నడుస్తాయి.

చెవికి పనిచెప్పండి. నాలుగో పేపరు మూడు భాగాలు: 1948–70, 1971–90, 1991–2014. ఒక్కో భాగానికి మీ నోట్సుని మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఒక్కోటి 8 నిమిషాలకి మించకుండా. ప్రశ్న చదివి ఐదు సెకన్లు ఆగి జవాబు చెప్పాలి. ఆ ఐదు సెకన్ల ఖాళీ లేకపోతే అది పాటలా వినిపిస్తూ పోతుంది, బుర్రలోకి ఎక్కదు. రికార్డింగ్ తేదీలకి, పేర్లకి బాగుంటుంది. ఎకానమీ అంకెలకి, రీజనింగ్‌కి దండగ.

ఇంకోటి, ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు "నాకు చదువుకోడానికి టైమ్ ఇవ్వండి" అంటే ఎవరూ ఏమీ ఇవ్వరు, ఏమివ్వాలో వాళ్లకీ తెలియదు. "మంగళ, గురు, శని రాత్రి 8:30 నుంచి 9:30 పాప మీ దగ్గర, ఆ గంట నన్ను పిలవొద్దు" అని రోజు, వేళ, పని చెప్పి అడగండి. వాళ్లు దాన్ని రెండు వారాలు నిలబెడితే ఆదివారం పూట ఇంకో గంట అడగొచ్చు. ఒకేసారి రెండూ అడిగితే మొదటిదీ పోతుంది.

బబుల్_షీటు:

అందరూ వారం రోజుల గురించి చెప్పారు. ఆదివారం 4 గంటల్లో రెండు గంటలు కొత్త చదువు అన్నారు, మిగతా రెండు గంటలు పరీక్షవి. దాని గురించి నేను చెబుతా.

తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పెట్టినప్పుడు ఉదయం 10 నుంచి 12:30 ఒకటి, మధ్యాహ్నం 3 నుంచి 5:30 ఇంకోటి. అంటే నాలుగు పేపర్లలో రెండు మధ్యాహ్నం పూటే. ఇంట్లో మాత్రం ఎవరూ 3 గంటలకి కూర్చుని పేపరు రాయరు, అన్నం తిని పడుకుంటారు. కాబట్టి మీ ఆదివారం పరీక్ష 3 గంటలకే ఉండాలి. మధ్యాహ్నం అన్నం 1 లోపు, రోజూ తినేదాంట్లో మూడొంతుల్లో రెండొంతులు, పెరుగన్నం దగ్గర చెయ్యి ఆపాలి. పరీక్ష రోజున చేసేదే ఇక్కడ చేయాలి.

మొదటి నాలుగు నెలలు 75 ప్రశ్నలు 75 నిమిషాల్లో. మిగిలిన 45 నిమిషాలు తప్పుల మీద. చివరి ఆరు వారాలు ఆదివారం కొత్త చదువు ఆపేసి నిండు పేపరు ఒకటి, చివరి రెండు ఆదివారాలు రెండేసి పేపర్లు, అసలు వేళల్లోనే.

ఓఎంఆర్ షీటు జిరాక్సు తీయించి దాని మీదే రాయండి, పుస్తకంలో టిక్కు పెట్టడం కాదు. ఒక్కో గుండ్రం నింపడానికి 5 సెకన్లు, 150కి పన్నెండున్నర నిమిషాలు. మిగిలిన సమయం ప్రశ్నకి 55 సెకన్లు. ఈ లెక్క తెలియక ఇంట్లో 150 నిమిషాలూ ఆలోచించడానికే వాడుకుంటూ అలవాటుపడినవాళ్లు హాల్లో చివరి 20 ప్రశ్నలు చదవకుండానే దిద్దుతారు. అన్నీ చివర్లో దిద్దుదాం అనుకోవద్దు, ఒక వరుస తప్పితే అక్కడి నుంచి కిందివన్నీ తప్పుతాయి, బాల్‌పెన్ను చెరగదు. పదేసి ప్రశ్నలకోసారి దిద్దండి, ప్రశ్న నంబరు పెదవి కదుపుతూ చదివి మరీ.

తప్పుల్ని నాలుగు గుంపులు చేయండి. అసలు తెలియనివి: మీ 1,500 పేజీల్లో ఆ అంశం ఉందో లేదో చూడండి, లేకపోతే వదిలేయండి. చదివి మరిచిపోయినవి: కార్డు రాసి మొదటి అరలో వేయండి. ప్రశ్న సరిగ్గా చదవక పోయినవి, "సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది" అనుకోవడం లాంటివి: దీనికి చదువు అక్కర్లేదు, "కాని" మీద పెన్నుతో గీత గీసే అలవాటు చాలు. రెండింటి మధ్య ఊగి తప్పింది పెట్టినవి: ఆ రెండూ ఎక్కడ తేడానో చెప్పే కార్డు ఒకటి. నెలకోసారి ఏ గుంపు పెరుగుతోందో చూస్తే చాలు, మార్కుల గ్రాఫులు గీయక్కర్లేదు. మూడో గుంపు పెరుగుతుంటే నిద్ర తగ్గిందని అర్థం.

ఆంధ్ర నుంచి చదువుతున్నవాళ్లకి ఒక మాట: ఏపీపీఎస్సీ గ్రూప్-2లో ప్రిలిమ్స్ 150 మార్కులకి, మెయిన్స్ రెండు పేపర్లు 150 చొప్పున, తప్పుకి మూడోవంతు మార్కు కోత. ఆ నాలుగో గుంపు మీకు చాలా ఖరీదైనది. తెలంగాణ 2024 పేపర్లలో ఆ కోత లేదు, అక్కడ ఖాళీ వదలడమే నష్టం. వచ్చే నోటిఫికేషన్‌లో ఎలా ఉందో చూసుకుని ప్రాక్టీసు దానికి తగ్గట్టు మార్చుకోండి.

ఊరి_దస్త్రం:

అందరికీ ధన్యవాదాలు. పుస్తకాల పేజీలు కూడి చూశా, లెక్కలో పెట్టలేనంత ఉన్నాయి, సగం పైగా పక్కన పెట్టాలి. రెండు సందేహాలు. ఒకటి, ఫిబ్రవరి, మార్చిలో ఇంటిపన్ను వసూళ్లు, అప్పుడు పొద్దున కూడా గ్యారంటీ లేదు. ఆరేడు వారాలు తెగిపోతే మళ్లీ మొదటికొస్తా కదా? రెండు, 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోతుంది అంటారు, నిజమేనా?

నాలుగో_పేపరు:

రెండోది ముందు. 21 రోజుల మాట 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన దాంట్లోంచి పుట్టింది. ఆయన చెప్పింది ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడ్డానికి కనీసం పట్టే రోజుల గురించి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. అదీ భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరిగెత్తడం లాంటి పనులకి. గ్రూప్-2 పాఠం చదవడం అంతకంటే బరువైన పని. కాబట్టి మూడో వారంలో కూడా కుర్చీలో కూర్చోవడం కష్టంగానే ఉంటే మీలో లోపం ఉందనుకోకండి. అదే పరిశోధనలో ఇంకో సంగతి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదు. మీ క్యాలెండర్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, పక్కపక్కన రెండు ఖాళీ కాకుండా చూసుకోండి.

ఇక పన్నుల కాలం. అది అనుకోకుండా వచ్చేది కాదు, మార్చి 31 ప్రతి ఏడూ వస్తుంది. ఫిబ్రవరి 15 నుంచి మార్చి 31 దాకా క్యాలెండర్‌లో ఇప్పుడే పెన్సిల్‌తో గీత గీయండి. ఆరున్నర వారాలు. 22 వారాల లెక్కలో నాలుగే పోతాయని వేశా, కాబట్టి ఇంకో రెండున్నర వారాల పేజీలు, దాదాపు 170, పుస్తకాల్లోంచి ఇప్పుడే తగ్గించుకోండి. ఆ గీత లోపల కొత్త చదువు లేదు, కొత్త కార్డు లేదు. రోజూ కనీసం రోజే: 20 కార్డులు. ఇంటింటికీ తిరిగేటప్పుడు జేబులో రబ్బరుబ్యాండు వేసి పెట్టుకోండి. ఆదివారం ఖాళీ అయితే 75 ప్రశ్నల పేపరు, లేకపోతే లేదు. కుర్చీ, టీ, మొదటి ప్రశ్న అనే వరుస మాత్రం దక్కిన ప్రతి పొద్దునా జరగాలి, ఐదు నిమిషాలకైనా సరే. పేజీలు ఆగినా ఆ వరుస ఆగకూడదు. అది ఉంటే ఏప్రిల్‌లో పేజీలు తిరిగి వస్తాయి.

మీ ఉద్యోగంలోనే చదువు కొంత ఉంది, దాన్ని వాడుకోండి. 73వ సవరణ, పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు, 2018 పంచాయతీరాజ్ చట్టం ఇవన్నీ మీరు రోజూ ముట్టుకునేవే. కొత్త చదువు లేదన్న నియమానికి ఒక్క మినహాయింపుగా, పాలిటీలో ఆ అధ్యాయాన్ని పన్నుల కాలానికి అట్టే పెట్టండి, రసీదు పుస్తకం పక్కన అది బాగానే ఎక్కుతుంది.

అట్టపెట్టె:

ఏప్రిల్ 1న పెట్టె తెరిస్తే గడువు దాటిన కార్డులు మూడొందల దాకా ఉంటాయి. చాలామంది ఆ కట్ట చూసి పెట్టె మూసేస్తారు. అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. ఒకటి, రెండు అరల్లోవి ముందు. అవి అప్పుడప్పుడే చదివినవి కాబట్టి ఎక్కువ మరిచిపోయి ఉంటారు. రోజుకి 60 చొప్పున తిరగేయండి. నాలుగు, ఐదు అరల్లోవి ఇంకో వారం ఆగినా కొంప మునగదు. మొదటి మూడు రోజులు కొత్త పేజీలు వద్దు, నాలుగో రోజు నుంచి 4 పేజీలు, 5 కార్డులు. కట్ట తరిగి రోజుకి 50 లోపుకి వచ్చాకే మళ్లీ 8, 10. తప్పిన కార్డులు సగానికి మించితే ఆ అధ్యాయంలో కార్డులు తీసేసి, అధ్యాయాన్ని ఒక ఆదివారం తిరిగి చదివి కొత్తగా రాసుకోండి. పాతవాటితో కుస్తీ పట్టడం కంటే అదే త్వరగా అవుతుంది.